కింది మాట పైకి చేరేదెన్నడు?
కర్మాగారాలలో సమాచార లోపం ప్రాణాంతకం. చట్టాలున్నా సంప్రదింపులు అంతంత మాత్రమే

ఆజ్ఞ పైనుంచి కిందికి దిగిరావడానికి క్షణం చాలు. హెచ్చరిక కింది నుంచి పైకి చేరడానికి మాత్రం ఒక్కొక్కసారి ఏళ్లు పడుతుంది. కొన్ని సందర్భాలలో అసలు చేరనే చేరదు. దేశంలోని కర్మాగారాలు, గనులు, రైల్వేలు, కార్యాలయాలలో యాజమాన్యానికీ సిబ్బందికీ మధ్య సమాచార వినిమయం సక్రమంగా లేకపోవడం వల్ల కలుగుతున్న నష్టం ఉత్పత్తికి మాత్రమే పరిమితం కావడం లేదు. అది ప్రాణాలను కూడా బలిగొంటున్నది. స్వాతంత్ర్యం వచ్చిన సంవత్సరంలోనే ఈ సమస్యను గుర్తించి చట్టం చేసిన దేశం మనది. అయినా ఏడు దశాబ్దాలకు పైగా గడిచిన తరువాత కూడా పెద్ద దుర్ఘటన జరిగిన ప్రతిసారీ విచారణ నివేదికలలో ఒకే వాక్యం వేర్వేరు రూపాలలో కనిపిస్తున్నది: లోపం ముందే కొందరికి తెలుసు, తెలియవలసిన వారికి తెలియలేదు, లేదా తెలిసినా పట్టించుకోలేదు.

భోపాల్ నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ క్రిమిసంహారక మందుల కర్మాగారంలో మిథైల్ ఐసోసైనేట్ వాయువు వెలువడి వేలాది మందిని బలిగొన్న సంగతి అందరికీ తెలిసినదే. ఆ రాత్రి కర్మాగారంలో మాట ఏ విధంగా నడిచిందన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ రాత్రి 10.45 గంటలకు షిఫ్టు మారింది. అంతకు కొద్దిసేపటి ముందు 610వ నంబరు ట్యాంకులో పీడనం 2 పౌండ్లుగా నమోదైంది. కొత్త షిఫ్టు వచ్చాక 11 గంటల ప్రాంతంలో అది 10 పౌండ్లకు పెరిగింది. ట్యాంకులో ఆ పీడనం మామూలుగా ఉండే పరిధిలోనిదే కాబట్టి దిగిన వారు అనుమానించలేదు. తక్కువ వ్యవధిలో అది అయిదు రెట్లు పెరిగిందన్న విషయం పాత షిఫ్టు నుంచి కొత్త షిఫ్టుకు ఎవరూ చెప్పుకోలేదు. 11.30 గంటల ప్రాంతంలో కళ్లు మండుతున్నాయని కార్మికులు చెప్పినా, టీ విరామం తరువాత చూడవచ్చని వాయిదా పడినట్లు అనంతరం జరిగిన పత్రికా పరిశోధనలలో వెల్లడైంది. విరామం ముగిసేటప్పటికి పరిస్థితి చేయి దాటిపోయింది.

హెచ్చరికలు ఆ ఒక్క రాత్రికి పరిమితమైనవి కావు. 1981 డిసెంబరులో అదే కర్మాగారంలో ఫాస్జీన్ వాయువు సోకి ఒక కార్మికుడు మరణించాడు. 1982 మే నెలలో మాతృసంస్థ నుంచి వచ్చిన నిపుణుల బృందం భద్రతా లోపాలను ఎత్తి చూపింది. అదే సంవత్సరం స్థానిక పాత్రికేయుడు రాజ్‌కుమార్ కేశ్వానీ నగరానికి ముప్పు పొంచి ఉన్నదని రాశారు. కార్మిక సంఘాలూ మొర పెట్టుకున్నాయి. యంత్రాల నిర్వహణ సూచనలు ఇంగ్లీషులో ఉండగా, వాటిని క్షుణ్ణంగా చదివి అర్థం చేసుకోగల ఆపరేటర్లు కొద్దిమందే ఉన్నారని అనంతర పరిశీలనలు తెలిపాయి. అంటే హెచ్చరిక పైకి పోలేదు, సూచన కిందికి దిగలేదు. రెండు దారులూ మూసుకుపోయాయి.

ఆ దుర్ఘటన ఫలితంగానే 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర పరిశ్రమలలో వాడే పదార్థాల వల్ల కలిగే హాని గురించి కార్మికులకు, పరిసర ప్రజలకు, స్థానిక అధికారులకు తెలియజేయడం యాజమాన్యం విధి అని ఆ సవరణ నిర్దేశించింది. కార్మికులకు, యాజమాన్యానికి సమాన ప్రాతినిధ్యం గల భద్రతా కమిటీని విధిగా ఏర్పాటు చేయాలన్నది. ఆసన్నమైన ప్రమాదం గురించి హెచ్చరించడం కార్మికుని హక్కు అని తొలిసారిగా స్పష్టంగా పేర్కొన్నది. ఒక కార్మికుడు నోరు విప్పడాన్ని క్రమశిక్షణా రాహిత్యంగా కాక హక్కుగా గుర్తించడానికి ఇన్ని వేల ప్రాణాలు పోవలసి వచ్చిందన్నది గమనార్హం.

హక్కును చట్టంలో రాసినంత మాత్రాన అది ఆచరణలోకి రాదని విశాఖపట్నం రుజువు చేసింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ ఆవిరి వెలువడి 12 మంది మృతి చెందారు. దీనిపై రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన నియమించిన ఉన్నతస్థాయి కమిటీ అదే సంవత్సరం జూలైలో నివేదిక సమర్పించింది. కర్మాగారంలో సైరన్ వ్యవస్థ ఉన్నప్పటికీ ఆ తెల్లవారుజామున దానిని మోగించలేదని ఆ నివేదిక ఎత్తిచూపింది. పరిసర గ్రామాల ప్రజలు నిద్ర నుంచి లేచింది సైరన్ విని కాదు, ఊపిరాడక.

రైలు పట్టాలపై అదే కథ

2023 జూన్ 2న ఒడిశాలోని బాలాసోర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైనులోకి వెళ్లి, ఆగి ఉన్న గూడ్సు రైలును ఢీకొన్నది. పట్టాలు తప్పిన బోగీలు పక్క లైనులో వెళుతున్న మరో ఎక్స్‌ప్రెస్‌కు తగిలాయి. 290 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. చెన్నై వెళ్లే ఆ రైలులో ఆంధ్ర ప్రాంతానికి రావలసిన ప్రయాణికులు కూడా ఉండటంతో ఆ రాత్రి విశాఖ, విజయవాడ, రాజమండ్రి స్టేషన్లలో బంధువులు ఆందోళనతో ఎదురుచూశారు.

సిగ్నల్ సర్క్యూట్‌ల మార్పిడిలో జరిగిన లోపాలే ప్రమాదానికి కారణమని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ నిర్ధారించింది. అయితే ఆ నివేదికలో అంతకన్నా ఆలోచింపజేసే అంశాలు రెండున్నాయి. మొదటిది, పట్టాలు మార్చే స్విచ్‌లు పదే పదే అసాధారణంగా పనిచేస్తున్న విషయాన్ని స్టేషన్ సిబ్బంది సిగ్నల్, టెలికాం విభాగానికి తెలియజేసి ఉంటే లోపం ముందే బయటపడేది. రెండవది, అదే డివిజన్‌లోని బాంక్రానయాబాజ్ స్టేషన్‌లో 2022 మే 16న తప్పుడు వైరింగ్ కారణంగా ఇటువంటి ఘటనే జరిగింది. దాని నుంచి పాఠం నేర్చుకుని ఇతర స్టేషన్లలో సరిచూసి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదు.

మరొక హెచ్చరిక కూడా ఉన్నది. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలోని హోసదుర్గ రోడ్ స్టేషన్‌లో ఒక ఎక్స్‌ప్రెస్ రైలు సిగ్నల్ ప్రకారం కాక వేరే లైనులోకి వెళ్లబోయింది. డ్రైవర్ గమనించి రైలును ఆపడంతో ముప్పు తప్పింది. సిగ్నల్ వ్యవస్థలోని తీవ్ర లోపాలను సరిదిద్దకపోతే పెద్ద ప్రమాదాలు జరగవచ్చునని నైరుతి రైల్వే ఉన్నతాధికారి ఒకరు ఆ మరునాడే లేఖ రాశారు. నాలుగు నెలలు తిరగకుండానే బహానగా దుర్ఘటన జరిగింది. ఒక జోన్‌లో తెలిసిన విషయం మరో జోన్‌కు, ఒక విభాగం గమనించిన లోపం పక్క విభాగానికి చేరే మార్గం బలహీనంగా ఉన్నదని ఈ వరుస ఘటనలు చెబుతున్నాయి.

ఇక్కడ ఒక వైచిత్రి ఉన్నది. ప్రతి చిన్న మాటనూ ధ్రువపరచుకునే సంప్రదాయం రైల్వేలలో ఎంతో కాలంగా ఉన్నది. లెవెల్ క్రాసింగ్ వద్ద గేటు మూసినట్లు గేట్‌మన్ నోటితో చెబితే చాలదు. దానికి ధ్రువీకరణగా స్టేషన్ మాస్టర్‌కు ఒక ప్రైవేట్ నంబరు ఇవ్వాలి, ఇద్దరూ దానిని రిజిస్టర్లో రాసుకోవాలి. ఇంజన్‌లో డ్రైవర్, సహాయకుడు సిగ్నల్ రంగును బిగ్గరగా ఒకరికొకరు చెప్పుకోవాలి. చెప్పిన మాటను విన్నవారి చేత తిరిగి చెప్పించే ఈ పద్ధతి కోట్లాది ప్రయాణాలను సురక్షితంగా నడిపిస్తున్నది. సరిసమానుల మధ్య ఇంత పకడ్బందీగా సాగే సంభాషణ, కింది ఉద్యోగి నుంచి పై అధికారికి లోపం తెలియజేయవలసి వచ్చేసరికి తడబడుతున్నది. కారణం స్పష్టమే. లోపం చెప్పిన వానిపైనే బాధ్యత పడుతుందన్న భయం.

1947 నుంచీ చట్టం ఉన్నది

యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య మాట నడవడానికి మనదేశంలో చట్టాలకు కొరత లేదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మూడవ సెక్షన్ ప్రకారం 100 మంది లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలలో వర్క్స్ కమిటీని ఏర్పాటు చేయవలసిందిగా ప్రభుత్వం ఆదేశించడానికి వీలుండేది. అందులో కార్మిక ప్రతినిధుల సంఖ్య యాజమాన్య ప్రతినిధుల సంఖ్య కన్నా తక్కువ ఉండరాదని ఆ చట్టం నిర్దేశించింది. రోజువారీ చిరాకులు పెద్ద తగాదాలుగా ముదరక ముందే కూర్చుని మాట్లాడుకోవాలన్నది దాని ఉద్దేశం. 1959లో మద్రాసులో జరిగిన భారత కార్మిక మహాసభ ఈ కమిటీలు చర్చించదగిన విషయాల జాబితాను రూపొందించింది. గాలి, వెలుతురు, మంచినీరు, క్యాంటీను, భద్రత వంటివి అందులో చేరాయి. వేతనాలు, బోనస్ వంటివి సంఘాలతో బేరసారాలకు వదిలిపెట్టారు. వర్క్స్ కమిటీ కార్మిక సంఘానికి ప్రత్యామ్నాయం కాదని సుప్రీంకోర్టు కూడా 1960లో నార్త్‌బ్రూక్ జూట్ కంపెనీ కేసులో స్పష్టం చేసింది.

ఫలితం మాత్రం ఆశాజనకంగా లేదు. జస్టిస్ గజేంద్రగడ్కర్ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ కార్మిక కమిషన్ 1969లో సమర్పించిన నివేదికలో వర్క్స్ కమిటీల వైఫల్యానికి కారణాలు పేర్కొన్నది. అధికార పరిధి అస్పష్టంగా ఉండటం, సంఘాల మధ్య పోటీ, సంఘాల అనుమానం, యాజమాన్యాల విముఖత వాటిలో ముఖ్యమైనవి. కమిటీకి అధికారం లేదని కార్మికులు, కమిటీ వల్ల తమ అధికారం తగ్గుతుందని యాజమాన్యాలు భావించాయి. మొత్తం మీద చాలాచోట్ల అది మినిట్స్ పుస్తకానికే పరిమితమైంది.

ఆ తరువాత కూడా ప్రయత్నాలు ఆగలేదు. 1958లో సంయుక్త నిర్వహణ మండళ్లు వచ్చాయి. 1975లో ఎమర్జెన్సీ కాలంలో 500 మందికి పైబడిన పరిశ్రమలకు షాపు కౌన్సిళ్లు, సంయుక్త కౌన్సిళ్ల పథకం ప్రకటించారు. 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 43-ఏ అధికరణం చేర్చి, పరిశ్రమల నిర్వహణలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశిక సూత్రాలలో ఒకటి చేశారు. 1983లో కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు మరో పథకం వచ్చింది. 1990లో రాజ్యసభలో ప్రవేశపెట్టిన భాగస్వామ్య బిల్లు చట్టం కాలేదు. ప్రతి పథకమూ ఉత్సాహంగా మొదలై క్రమంగా చప్పబడిపోయింది.

నడిచిన చోట ఎలా నడిచింది?

అన్నిచోట్లా వైఫల్యమే అనుకోవడం పొరపాటు. 1928లో దీర్ఘకాల సమ్మెను చవిచూసిన జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో 1956 జనవరిలో యాజమాన్యానికీ టాటా వర్కర్స్ యూనియన్‌కూ మధ్య ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా మూడంచెల సంయుక్త సంప్రదింపుల వ్యవస్థ ఏర్పడింది. విభాగ స్థాయిలో ఒక మండలి, కర్మాగార స్థాయిలో మరొకటి, యాజమాన్య స్థాయిలో ఇంకొకటి. కింది మండలిలో తేలని విషయం పైమండలికి పోతుంది. ఆ వ్యవస్థ ఇంతకాలం నిలవడానికి ముఖ్య కారణం దానిని చట్టానికి భయపడి కాక పరస్పర ఒప్పందంతో ఏర్పాటు చేసుకోవడం, గుర్తింపు పొందిన సంఘాన్ని పక్కన పెట్టకుండా దాని ద్వారానే నడపడం.

రైల్వేలలో 1952 నుంచి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం పనిచేస్తున్నది. డివిజన్, జోన్ స్థాయి నుంచి రైల్వే బోర్డు వరకు నిర్ణీత కాలంలో సమావేశాలు జరగాలి. 1966లో కేంద్ర ప్రభుత్వోద్యోగులందరికీ ఉమ్మడి సంప్రదింపుల యంత్రాంగం ఏర్పడింది. ఇవి ఉండగానే 1974 మే నెలలో చారిత్రక రైల్వే సమ్మె జరిగిన మాట నిజమే. అయినా బదిలీలు, క్వార్టర్లు, పని గంటలు వంటి వేలాది సమస్యలు వీధికెక్కకుండా ఈ యంత్రాంగంలోనే పరిష్కారమవుతున్నాయి.

హైదరాబాద్‌కు కూడా ఈ విషయంలో ఒక స్థానమున్నది. జపాన్‌లో 1960 దశకంలో ఆరంభమైన క్వాలిటీ సర్కిల్ పద్ధతిని దేశంలో తొలిసారిగా ప్రవేశపెట్టినది రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్ కర్మాగారం. ఒకే చోట పనిచేసే కొద్దిమంది కార్మికులు స్వచ్ఛందంగా వారానికొకసారి కూర్చుని, తమ పనిలోని లోపాలను తామే గుర్తించి పరిష్కారం సూచించడం ఈ పద్ధతి సారాంశం. ఆ అనుభవంతో 1982లో సికింద్రాబాద్ కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఏర్పడి ఈ ఉద్యమాన్ని దేశమంతటా వ్యాపింపజేసింది. యంత్రం ముందు నిలబడేవానికి దాని గురించి ఇంజనీరుకు తెలియని విషయాలు కొన్ని తెలుస్తాయన్న సామాన్య సత్యమే దానికి పునాది.

గనులలో మాట నడవకపోతే ఏమవుతుందో 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపంలోని చాస్‌నాలా గనిలోకి నీరు దూసుకువచ్చి 375 మంది మరణించినప్పుడు దేశం చూసింది. గనుల నిబంధనలలో తరువాత గని భద్రతా కమిటీలకు, కార్మికుల తరఫున తనిఖీ చేసే వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్లకు స్థానం కల్పించారు. బొగ్గు గనిలో సర్దార్ తన షిఫ్టులో చూసిన పరిస్థితిని పుస్తకంలో రాసి సంతకం చేయాలి. తరువాతి షిఫ్టులో దిగే సర్దార్ దానిని చదివి సంతకం చేసిన తరువాతే పని మొదలుపెట్టాలి. సింగరేణి కార్మికులకు సుపరిచితమైన ఈ పద్ధతి వెనుక ఉన్న సూత్రం చాలా సరళమైనది: దిగిపోయేవాడు చూసినది ఎక్కేవానికి తెలియాలి. భోపాల్‌లో ఆ రాత్రి లోపించినది సరిగ్గా ఇదే.

పొరుగుదేశపు హెచ్చరిక

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్ రాజధాని ఢాకా సమీపంలోని రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల భవనంలో బీటలు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు వెంటనే మూతపడ్డాయి. పై అంతస్తుల దుస్తుల కర్మాగారాలలోని కార్మికులను మాత్రం మరునాడు పనిలోకి రప్పించారు. లోపలికి వెళ్లడానికి భయపడుతున్నామని వారు చెప్పినా వినేవారు లేకపోయారు. 24వ తేదీ ఉదయం భవనం కూలి 1,100 మందికి పైగా మరణించారు. బ్యాంకు ఉద్యోగికీ కుట్టుమిషను కార్మికురాలికీ కనిపించిన బీట ఒక్కటే. తేడా వారి మాటకున్న విలువలో ఉన్నది.

ఆ తరువాత అంతర్జాతీయ దుస్తుల కంపెనీలు, కార్మిక సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందం ప్రకారం, కార్మికులు తమ యాజమాన్యంతో నిమిత్తం లేకుండా నేరుగా ఫిర్యాదు చేసే ఏర్పాటు జరిగింది. ప్రమాదకరమని భావించిన పనిని నిరాకరించే హక్కును గుర్తించారు. 50 మంది పైబడిన కర్మాగారాలలో భద్రతా కమిటీలు ఉండాలని అదే ఏడాది బంగ్లాదేశ్ కార్మిక చట్టాన్ని సవరించారు. ఫిర్యాదు చేసినవానికి రక్షణ ఉంటే తప్ప ఫిర్యాదు రాదన్నది అక్కడి అనుభవం.

కొత్త నియమావళి, పాత సందేహాలు

పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన నాలుగు నియమావళులు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల నియమావళి 100 మందికి పైబడిన సంస్థలలో వర్క్స్ కమిటీ నిబంధనను కొనసాగించింది. 20 మంది లేక అంతకు మించి ఉన్న సంస్థలలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో ఇరుపక్షాలకు సమాన ప్రాతినిధ్యం, మహిళలకు తగిన స్థానం కల్పించాలి. ఫిర్యాదుపై 30 రోజులలో విచారణ ముగించాలి. వృత్తి భద్రత నియమావళి ప్రకారం, ఆసన్న ప్రమాదం ఉన్నదని భావించిన ఉద్యోగి దానిని యాజమాన్యం దృష్టికి, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్ దృష్టికి కూడా తీసుకుపోవచ్చు.

అయితే ఇవన్నీ సంస్థ సొంత కార్మికులను దృష్టిలో ఉంచుకుని రూపొందినవి. ఈనాడు వ్యవస్థీకృత కర్మాగారాలలోని కార్మికులలో దాదాపు 40 శాతం మంది కాంట్రాక్టు కార్మికులని పరిశ్రమల వార్షిక సర్వే చెబుతున్నది. ప్రమాదకరమైన పనులు తరచు వారికే అప్పగిస్తున్నారు. కాంట్రాక్టరు వద్ద నమోదైన కూలికి ప్రధాన యాజమాన్యపు కమిటీలో గొంతు ఉండదు. నోరు విప్పితే రేపటి హాజరు దొరుకుతుందన్న భరోసా కూడా లేదు.

భాష మరొక అవరోధం. చట్టపరమైన నోటీసులను కార్మికులలో అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలో ఉంచాలని ఫ్యాక్టరీల చట్టం 1948లోనే చెప్పింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని పారిశ్రామికవాడలలో ఈనాడు ఒడిశా, బీహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. తెలుగులోను, ఇంగ్లీషులోను రాసిన హెచ్చరిక బోర్డు వారికి గోడ మీద గీతలతో సమానం. నోటీసు బోర్డు స్థానంలో వాట్సాప్ గ్రూపు వచ్చినంత మాత్రాన ఈ పరిస్థితి మారదు. రాత్రి పదిగంటలకు ఆజ్ఞ పంపడానికి ఆ సాధనం బాగానే ఉపయోగపడుతున్నది. కింది నుంచి వచ్చే ప్రశ్నకు అందులో జవాబు రావడం అరుదు.

చేయవలసినదేమిటి?

ఇందుకు పెద్ద వ్యయప్రయాసలు అక్కరలేదు. షిఫ్టు మారేటప్పుడు పది నిమిషాలు ఇరుపక్షాలూ ముఖాముఖి మాట్లాడుకుని పుస్తకంలో సంతకాలు చేయడం, ముఖ్యమైన సూచనను విన్నవారి చేత తిరిగి చెప్పించడం, భద్రతా కమిటీలో కాంట్రాక్టు కార్మికులకు చోటివ్వడం, సూచనలను కార్మికుల మాతృభాషలో రాయడం, బొమ్మలతో చూపడం, తప్పిన ప్రమాదాలను సైతం నమోదు చేసి ఇతర యూనిట్లకు తెలియజేయడం వంటివి ఏ సంస్థకైనా సాధ్యమే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది, అందిన ఫిర్యాదుకు ఏదో ఒక సమాధానం నిర్ణీత గడువులో ఇవ్వడం. చేయలేకపోతే ఎందుకు చేయలేమో చెప్పడం. రెండుసార్లు చెప్పినా జవాబు రాని కార్మికుడు మూడవసారి చెప్పడు. అతను చెప్పని ఆ మూడవ మాటలోనే ప్రమాదం దాగి ఉండవచ్చు.

ఉత్పత్తి లెక్కలు నెలనెలా పైకి పోతాయి. వాటిని అడిగేవారుంటారు కాబట్టి అవి తప్పక చేరుతాయి. కిందివాని హెచ్చరికను కూడా అంతే శ్రద్ధగా అడిగేవారు పైన ఉన్ననాడు, దుర్ఘటన తరువాత వెలువడే విచారణ నివేదికలలో ఆ పాత వాక్యం మళ్లీ రాయవలసిన అవసరం రాదు.